కాలివేళ్ల సందుల్లో ఫంగస్: మళ్లీ మళ్లీ రాకుండా వదిలించుకోవడం ఎలా?

"క్రీమ్ రాశాను, తగ్గింది. నెల తిరక్కుండానే మళ్లీ మొదలైంది. ఇంకేదైనా మంచి మందు చెప్పండి." కాళ్ల ఫంగస్ గురించి అడిగేవాళ్లలో ఎక్కువమంది ప్రశ్న ఇదే. వీళ్లలో చాలామందికి కొత్త మందు అవసరం లేదు. చేతిలో ఉన్న ట్యూబే పనిచేస్తుంది. కాకపోతే దురద తగ్గగానే దాన్ని పక్కన పడేస్తున్నారు, తడి సందుల్లోనే రాస్తున్నారు, లేదంటే అసలు ఆ ట్యూబులో ఉన్నది వేరే మందు. ఈ మూడూ సరిచేసుకుంటే పని చాలావరకు అయిపోయినట్టే.

ముందుగా ఒక మాట. మీకు షుగర్ ఉన్నా, పాదాల్లో స్పర్శ తగ్గినా, కాళ్లకు రక్తప్రసరణ సరిగా లేకపోయినా, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతున్నా ఇంట్లో ప్రయోగాలు వద్దు, నేరుగా డాక్టర్‌కు చూపించండి. మిగతావాళ్లకు చిన్న సమస్యగా ఉండేదే మీకు పెద్ద పుండై కూర్చోవచ్చు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు కూడా మందు మొదలుపెట్టే ముందు అడగాలి. చిన్నపిల్లల పాదాల మీద పొట్టు రాలుతుంటే అది ఎగ్జిమా లాంటిది కావడానికే అవకాశం ఎక్కువ కాబట్టి, ఫంగస్ అని మీరే తేల్చేయకండి.

ముందు అది ఫంగసేనా?

మంచి వెలుతురులో కూర్చుని వేళ్లను విడదీసి చూడండి. ఫంగస్ సాధారణంగా చిటికెన వేలికీ దాని పక్క వేలికీ మధ్య మొదలవుతుంది. అక్కడ గాలి ఆడదు, చెమట ఆరదు. చర్మం నీళ్లలో నానినట్టు తెల్లబడి, గిల్లితే పొరలుగా వస్తుంది, కింద ఎర్రగా కనిపిస్తుంది. ఒక్కోసారి సందు అడుగున సన్నగా చిట్లి మంట పెడుతుంది. సాక్సులు విప్పగానే దురద ఎక్కువవుతుంది.

రెండో రకాన్ని చాలామంది గుర్తించరు. అరికాలంతా పొడిబారి, చర్మపు గీతల్లో పిండి చల్లినట్టు సన్నటి పొట్టు కనిపిస్తుంది. అది పాదం అంచుల దాకా పాకుతుంది. దురద పెద్దగా ఉండదు. దీన్ని ఉత్త పొడిచర్మం అనుకుని ఏళ్ల తరబడి మాయిశ్చరైజర్ రాసుకునేవాళ్లున్నారు. రెండు పాదాలతో పాటు ఒక్క అరచేయి మాత్రమే ఇలా ఉంటే ఫంగస్‌ను గట్టిగా అనుమానించాలి. మూడో రకంలో పాదం వంపులో చిన్న చిన్న నీటి పొక్కులు వస్తాయి. వాటిని చిదమకండి.

ఫంగస్‌లా అనిపిస్తూ ఫంగస్ కానివి కొన్ని:

- ఎరుపు, దురద పాదం పైభాగాన, చెప్పు పట్టీ ఆనిన చోట మాత్రమే ఉంటే అది చెప్పు పడకపోవడం, అంటే అలర్జీ కావచ్చు. యాంటీఫంగల్ క్రీమ్‌తో తగ్గదు.
- అరికాలి మీద గుండుసూదితో పొడిచినట్టు చిన్న చిన్న గుంటలు, భరించలేని వాసన ఉంటే అది బ్యాక్టీరియా పని. దానికి వేరే మందు కావాలి.
- వేళ్ల మధ్య గోధుమ రంగు మచ్చ ఉండి దురద అంతగా లేకపోతే అది ఎరిత్రాస్మా అనే మరో బ్యాక్టీరియా సమస్య కావచ్చు. చర్మ డాక్టర్ దగ్గర ఉండే వుడ్స్ ల్యాంప్ వెలుగులో అది పగడంలా ఎర్రగా మెరుస్తుంది.
- నడిస్తే గుచ్చుకునే గట్టి కాయ ఒక్కటే ఉంటే అది పులిపిరో ఆనెకాయో అయి ఉంటుంది. రెండు పక్కల నుంచీ వేళ్లతో నొక్కితే ఎక్కువ నొప్పి పుడితే, చర్మపు గీతలు దాని మీదుగా సాగకుండా అంచు దగ్గరే ఆగిపోతే, మధ్యలో నల్లటి చుక్కలుంటే పులిపిరి. పైనుంచి నొక్కినప్పుడే నొప్పి, గీతలు మామూలుగా సాగుతుంటే ఆనె. పులిపిరి వైరస్ వల్ల వచ్చేది, కాబట్టి దానికి ఈ క్రీములేవీ పనిచేయవు.

కావలసినవి

- 1 శాతం టెర్బినాఫైన్ క్రీమ్. అది దొరకకపోతే 1 శాతం క్లోట్రిమజోల్ క్రీమ్.
- పాదాలకు మాత్రమే వాడే చిన్న టవల్, కొన్ని టిష్యూ కాగితాలు.
- రోజుకు కనీసం ఒక జత చొప్పున ఉతికిన సాక్సులు.
- మార్చి మార్చి వేసుకోవడానికి రెండో జత బూట్లు లేదా చెప్పులు.
- ఇంట్లో ఇంకెవరూ వాడని నెయిల్ కట్టర్.
- ఫోన్ కెమెరా.

యాంటీఫంగల్ పౌడర్ ఉంటే మంచిదే, అది సాక్సుల్లోకీ బూట్లలోకీ పనికొస్తుంది. దాన్ని మందుకు బదులుగా వాడేద్దాం అనుకోవద్దు.

ట్యూబు మీద పేరు చదవండి

ఈ ఒక్క విషయం దగ్గర కాస్త ఆగాలి, ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే.

ఇంట్లో ఉన్న ట్యూబో, ఎవరో ఇచ్చిన ట్యూబో తీసి వెనక చిన్న అక్షరాల్లో ఉన్న మందుల పేర్లు చూడండి. అక్కడ మూడు నాలుగు పేర్లుండి, వాటిలో క్లోబెటాసాల్, బీటామెథసోన్, మొమెటాసోన్ లాంటిది ఒకటి కనిపిస్తే అందులో స్టెరాయిడ్ కలిసి ఉంది. ఇలాంటి క్రీమ్ రాస్తే ఒకట్రెండు రోజుల్లోనే దురద, ఎరుపు మాయమవుతాయి, అందుకే దాన్ని అందరూ మెచ్చుకుంటారు. కానీ స్టెరాయిడ్ చేసేది ఒంటి ఎదురుదాడిని ఆపడమే. పైకి ప్రశాంతంగా ఉంటుంది, లోపల ఫంగస్ హాయిగా పెరుగుతుంది. ఆపిన కొద్ది రోజులకే అంతకు ముందుకన్నా ఎక్కువగా బయటపడుతుంది, మళ్లీ అదే ట్యూబు తీస్తారు. కొన్నాళ్లకు మచ్చ ఆకారం మారిపోతుంది. ఫంగస్ గుర్తుపట్టలేనట్టు మారిపోయిన ఆ స్థితిని డాక్టర్లు టీనియా ఇన్‌కాగ్నిటో అంటారు. దాన్ని తగ్గించడం మామూలు ఫంగస్ కంటే కష్టం.

డాక్టర్ చూసి, విపరీతమైన మంట ఉందని కొద్ది రోజులకు స్టెరాయిడ్ రాసిస్తే ఆ సంగతి వేరు. మీకై మీరు మాత్రం ఒక్క యాంటీఫంగల్ మందే ఉన్న క్రీమ్ వాడండి. ఇప్పటికే వారాల తరబడి మిశ్రమ క్రీమ్ వాడుతుంటే, ఆపగానే దురద పెరగవచ్చు. అది చూసి టెన్షన్ పడి మళ్లీ అదే ట్యూబు అందుకోకండి, చర్మ డాక్టర్‌ను కలవండి.

ఎలా చేయాలి

1. మొదటి రోజే ఫోటోలు తీయండి. రెండు అరికాళ్లు, ప్రతి వేలి సందు, అన్ని గోళ్లు. తర్వాత ఎంత తగ్గిందో తేల్చేది ఇవే. అలాగే అరచేతులు, గజ్జలు కూడా చూసుకోండి. గజ్జల్లో అంచు కట్టి గుండ్రంగా పాకే తామర కూడా తరచూ పాదాల నుంచి ఎక్కిందే. అది ఉంటే రెండింటికీ ఒకేసారి వైద్యం జరగాలి.

2. కడగండి, నానబెట్టకండి. గోరువెచ్చని నీళ్లు, మామూలు సబ్బు చాలు. వేళ్ల మధ్య వేలు పెట్టి మెల్లగా కడగండి. తెల్లబడిన చర్మాన్ని గీకి తీసేస్తే మందు బాగా దిగుతుందనుకుంటారు కానీ, అలా గీకిన చోటే బ్యాక్టీరియా దూరుతుంది. ఉప్పునీళ్లలో అరగంట కాళ్లు పెట్టి కూర్చోవడం వల్ల అసలే నానిన సందు ఇంకా నానుతుంది.

3. ఆరబెట్టండి. మొత్తం వైద్యంలో ముఖ్యమైన అడుగు ఏదంటే నేను దీన్నే చెబుతాను. టవల్‌తో రుద్దకుండా అద్దండి. తర్వాత టిష్యూ కాగితాన్ని సన్నగా మడిచి, ప్రతి సందులోనూ అడుగు దాకా పోనిచ్చి బయటికి లాగండి. కాగితం మీద తడి మచ్చ కనిపిస్తే ఇంకా ఆరలేదన్నమాట. చిటికెన వేలి దగ్గర, పైకి ఆరినట్టే ఉన్నా, కాగితం తడిసి రావడం మామూలే. కాగితం పొడిగా వచ్చేదాకా మళ్లీ అద్దండి, ఆపైన అయిదు పది నిమిషాలు గాలికి వదిలేయండి. హెయిర్ డ్రయర్ వాడితే చల్లగాలి మాత్రమే పెట్టండి. పాదాలు తుడిచిన టవల్‌తో ఒంటి మీద ఇంకెక్కడా తుడవకండి.

4. మందు పలచగా, కానీ విశాలంగా రాయండి. కనిపించే మచ్చ మీద మాత్రమే రాయడం సరిపోదు. చుట్టూ బాగున్నట్టు కనిపించే చర్మం మీద కూడా రెండు సెంటీమీటర్ల మేర రాయండి. ఒక సందులోనే ఉన్నా, రెండు పాదాల సందులన్నిటికీ రాయడం మేలు.

ఎంత రాయాలి? పెద్దవాళ్ల చూపుడు వేలి కొన నుంచి మొదటి కణుపు గీత దాకా ట్యూబు నుంచి ఒక వరస పిండితే దాదాపు అర గ్రాము వస్తుంది. ఒక పాదం మొత్తానికి అలాంటివి రెండు కావాలి. సందులకు మాత్రమే అయితే అందులో కొంచెమే సరిపోతుంది. రాశాక ఇంకా తెల్లగా కనిపిస్తుంటే ఎక్కువైనట్టే. సందులో పేరుకున్న క్రీమ్ తడిని పట్టి ఉంచుతుంది. పని కాగానే చేతులు సబ్బుతో కడుక్కోండి.

5. లెక్క ప్రకారం పూర్తి చేయండి. టెర్బినాఫైన్ వేళ్ల సందులకైతే సాధారణంగా ఒక వారం. అరికాలు, పాదం అంచులకు పాకితే రోజుకు రెండుసార్లు చొప్పున రెండు వారాలు. క్లోట్రిమజోల్ అయితే రోజుకు రెండుసార్లు, నాలుగు వారాల దాకా. క్లోట్రిమజోల్ లాంటివి వాడేటప్పుడు, చర్మం మామూలుగా కనిపించాక కూడా రెండు వారాలు కొనసాగించాలి. మీ ట్యూబుతో వచ్చిన కాగితం మీద వేరేలా ఉంటే దాన్నే పాటించండి, డాక్టర్ చెప్పి ఉంటే డాక్టర్ మాటే చెల్లుతుంది.

టెర్బినాఫైన్ ఆపాక కూడా కొన్నాళ్లు చర్మంలో నిలిచి ఉంటుంది. అందుకే వారం వైద్యం ముగిసిన రోజుకే అంతా మామూలైపోకపోయినా కంగారు పడకండి, ఆ తర్వాత కూడా తగ్గుతూ వస్తుంది. ఒక పూట మర్చిపోతే గుర్తొచ్చినప్పుడు రాయండి. రెండు పూటల మందు కలిపి దట్టించడం వల్ల లాభం లేదు.

6. మడమ చర్మం మందంగా ఉంటే క్రీమ్ ఒక్కటే లోపలికి దిగదు. ఒక పూట యాంటీఫంగల్, మరో పూట 10 నుంచి 20 శాతం యూరియా ఉన్న క్రీమ్ రాస్తే గట్టి పొర మెత్తబడుతుంది. యూరియా క్రీమ్ చిట్లిన చోట రాస్తే మంట పుడుతుంది, వేళ్ల సందుల్లో అసలు వద్దు. బ్లేడుతో చెక్కడం మానేయండి.

7. సాక్సులు, బూట్లు. పాదం నుంచి రాలిన పొట్టులో బతికి ఉన్న ఫంగస్ ఉంటుంది. అది బూట్లలో, సాక్సుల్లో, చాపల మీద చాలాకాలం నిలుస్తుంది. సాక్సులు తిరగేసి, వస్త్రం తట్టుకుంటే 60 డిగ్రీల సెల్సియస్ వేడినీళ్లలో ఉతకండి, పూర్తిగా ఆరాకే తొడగండి. చెమట ఎక్కువగా పట్టేవాళ్లు మధ్యలో ఒకసారి మార్చుకోవాలి. ఒకసారి వేసుకున్న బూట్లను కనీసం ఒక రోజంతా ఆరనివ్వండి, లోపలి అట్ట బయటికి తీసి ఆరబెట్టండి. పాత అట్ట నల్లబడి వాసన వస్తుంటే మార్చేయడమే మంచిది.

ఇంకో చిన్న కిటుకు. బట్టలు వేసుకునేటప్పుడు ముందు సాక్సులు, తర్వాత లోదుస్తులు. పాదం మీది ఫంగస్ లోదుస్తులకు అంటి గజ్జల్లోకి చేరకుండా ఇది ఆపుతుంది.

8. ఇంట్లోవాళ్ల పాదాలు కూడా చూడండి. మీకు తగ్గినా, ఇంకొకరి అరికాలి నుంచి బాత్రూమ్ నేల మీదుగా మళ్లీ మీకే వస్తుంది. ఉన్నవాళ్లంతా ఒకేసారి మందు వాడాలి. పదిమంది స్నానం చేసే చోట, ఈతకొలనుల దగ్గర చెప్పులు లేకుండా నడవకండి.

చేయకూడనివి

బ్లీచ్, స్పిరిట్, నీళ్లు కలపని ఘాటైన యాంటీసెప్టిక్ ద్రవాలు, వెనిగర్, పచ్చి వెల్లుల్లి. ఇవి చిట్లిన చర్మాన్ని కాల్చేస్తాయి. ఆ బొబ్బలకు వైద్యం చేయించుకోవడానికి అసలు ఫంగస్‌కు పట్టేదానికన్నా ఎక్కువ రోజులు పట్టవచ్చు. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకోవడం ఇదే.

సందుల్లో పౌడర్ దట్టంగా పోయకండి. చెమటతో కలిసి ముద్ద కడుతుంది. వారానికో ట్యూబు మార్చకండి, దేనికీ పనిచేసే సమయం ఇవ్వనట్టవుతుంది. ఫంగస్ టాబ్లెట్లు డాక్టర్ చెప్పకుండా మింగకండి. వాటిలో కొన్ని కాలేయం మీద ప్రభావం చూపుతాయి, వేరే మందులతో పడకపోవచ్చు.

తగ్గుతోందో లేదో చూసుకోవడం

మొదటి కొద్ది రోజుల్లోనే దురద తగ్గడం మొదలవుతుంది. అది మంచి సూచనే, కానీ దాన్ని బట్టి మందు ఆపకూడదు. వారానికి ఒకసారి అదే వెలుతురులో, అదే కోణంలో ఫోటో తీసి మొదటిదాని పక్కన పెట్టండి. చూడాల్సినవి ఇవి: సందులో తెల్లదనం పోయిందా, చిట్లిన గీత మూసుకుందా, వేళ్లను విడదీస్తే కొత్త పొర లేస్తోందా. టిష్యూ పరీక్ష ఇక్కడా పనికొస్తుంది, పొట్టు రాలుతుంటే కాగితానికి అంటుకుని వస్తుంది. కొత్త చర్మం కొన్నాళ్లు లేత గులాబీ రంగులో ఉంటుంది, అది జబ్బు కాదు.

రెండు వారాలకు ఏ మార్పూ లేకపోయినా, నాలుగు వారాలకు పూర్తిగా పోకపోయినా, అది ఫంగస్ కాకపోవచ్చు, లేదా క్రీమ్‌తో లొంగని ఫంగస్ కావచ్చు. అప్పుడు కావలసింది కేఓహెచ్ పరీక్ష. మచ్చ అంచు నుంచి కొంచెం పొట్టు గీకి, పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం వేసి మైక్రోస్కోప్ కింద చూస్తారు. ద్రావణం చర్మ కణాలను కరిగించేస్తుంది, ఫంగస్ దారాలుంటే అవి మిగిలి కనిపిస్తాయి. నొప్పి ఉండదు. కాకపోతే క్రీమ్ రాస్తూ వెళ్తే ఫంగస్ ఉన్నా లేదని రావచ్చు. పరీక్షకు ముందు ఎన్నాళ్లు ఆపాలో అడిగి తెలుసుకోండి.

పూర్తిగా పోయి మళ్లీ వస్తుంటే గోళ్లు చూడండి

గోరు పసుపుపచ్చగా మారి, మందమై, కింద పొడిపొడిగా రాలుతుంటే ఫంగస్ అక్కడ కాపురం పెట్టిందని అనుమానించాలి. చర్మం మీద రాసే క్రీమ్ గోటిలోకి దిగదు. ఎన్నిసార్లు సందులు బాగుచేసినా గోటి నుంచి మళ్లీ దిగుతుంది. దీనికి గోళ్ల మీద పూసే 5 శాతం అమోరోల్ఫిన్, 8 శాతం సైక్లోపిరాక్స్ లాంటి పూతలున్నాయి. ఎక్కువగా పాకితే డాక్టర్ టాబ్లెట్లు ఇస్తారు. కాలి గోళ్లకు టెర్బినాఫైన్ టాబ్లెట్లయితే సాధారణంగా 12 వారాల కోర్సు. గోరు చెడిపోయిన ప్రతిసారీ ఫంగస్ అనే అనుకోనక్కర్లేదు, దెబ్బ తగిలినా సోరియాసిస్ ఉన్నా అలాగే కనిపిస్తుంది. అందుకే నెలల మందు మొదలుపెట్టే ముందు గోటి ముక్కను పరీక్షించుకోవాలి.

ఇక్కడ ఓపిక కావాలి. కాలి బొటనవేలి గోరు మొత్తం కొత్తగా పెరగడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. మందు పనిచేసినా పాత గోరు అలాగే వికారంగా ఉంటుంది. అందుకే ఒక గుర్తు పెట్టుకోండి. మంచి గోరు, చెడిన గోరు కలిసే చోట గోటి మీద ఆకురాయితో సన్నటి గీత గీయండి, లోతుగా వద్దు. నెలలు గడిచేకొద్దీ ఆ గీత వేలి కొన వైపు జరుగుతుంది. గీతకు వెనకాల వచ్చేదంతా శుభ్రంగా ఉంటే గెలుస్తున్నారు. చెడుదనం గీతను దాటి వెనక్కి పాకితే ఆ మందు సరిపోవడం లేదు.

ఆలస్యం చేయకుండా వెళ్లాల్సిన సందర్భాలు

దురద పోయి నొప్పి మొదలైనా, చీము పట్టినా, సందులో ఆకుపచ్చ రంగు, కుళ్లు వాసన వచ్చినా బ్యాక్టీరియా చేరిందన్నమాట. చిట్లిన సందు గుండా లోపలికి దూరిన బ్యాక్టీరియా కాలి మీదికి ఎరుపు, వేడి, వాపుగా పాకుతుంది. ఆ ఎరుపు అంచు వెంట పెన్నుతో గీత గీసి, వెంటనే డాక్టర్ దగ్గరికి బయలుదేరండి. గీత దాటి ఎంత పాకిందో చూస్తే ఎంత వేగంగా ముదురుతోందో వాళ్లకు అర్థమవుతుంది. జ్వరం, చలి, గజ్జల్లో బిళ్లలు కట్టడం, కాలి మీద పైకి ఎర్రటి చారలు, వీటిలో ఏదున్నా తెల్లవారేదాకా ఆగకండి.

మామూలుగా డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడైతే ఇప్పటిదాకా రాసిన ట్యూబులన్నీ, ఖాళీవి కూడా, ఫోన్‌లోని ఫోటోలతో పాటు పట్టుకెళ్లండి. గోళ్లకు రంగు ఉంటే తీసేసి వెళ్లండి. ఎక్కువగా వేసుకునే బూట్లు కూడా వెంట ఉంటే, చెప్పు అలర్జీనా కాదా అన్నది అక్కడికక్కడే పోల్చి చూసే వీలుంటుంది.